అడగండి - చెబుతాం: మూసారాంబాగ్

ప్రశ్న: హైదరాబాద్‌లోని మూసారాంబాగ్ మెట్రో స్టేషన్‌కు ఆ పేరు మూసీ నది వల్ల వచ్చిందని ఇంట్లో వాదన. నిజమేనా?
- ఒక పాఠకురాలు, అంబర్‌పేట

జవాబు: కాదండీ. వానాకాలంలో మూసారాంబాగ్ వంతెన మీదికి మూసీ వరద వచ్చిన వార్తలు వినీ వినీ చాలామంది అలాగే అనుకుంటారు. ఆ పేరు ఒక ఫ్రెంచి సైనికుడిది. మిషెల్ జోకిమ్ మారీ రేమండ్ 1755లో ఫ్రాన్స్‌లో పుట్టి, రెండో నిజాం అలీఖాన్ కొలువులో సేనాని అయ్యాడు. ఆయన కింద సుమారు 14 వేల మంది సిపాయిలుండేవారు. నగరంలో గన్‌ఫౌండ్రీ అంటున్నామే, ఆ ఫిరంగుల కార్ఖానా కూడా ఆయన చలవే. ‘మస్యూ రేమండ్’ (మస్యూ అంటే ఫ్రెంచిలో ‘శ్రీ’ లాంటి మర్యాద మాట) జనం నోట హిందువులకు మూసా రామ్, ముస్లిములకు మూసా రహీం అయింది. ఆ మూసారాం పేరు మీదే తోట, తోట పేరు మీద పేట, ఇప్పుడు స్టేషన్. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో ఆంగ్లేయులు ఆయన దళాన్ని నిరాయుధం చేసి రద్దు చేయించారు. దళం పోయినా పేరు నిలవడం విశేషమే.

ప్రశ్న: జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి రేమండ్ సమాధికి మెట్రోలో ఎలా వెళ్లాలి?
- ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: గ్రీన్ లైన్‌లో చివరిదాకా, అంటే ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) వరకు వెళ్లండి. అక్కడ రెడ్ లైన్‌కు మారి ఎల్‌బీ నగర్ వైపు రైలెక్కాలి. తొందరలో మియాపూర్ ప్లాట్‌ఫాం మీదికి వెళ్లిపోవడం మామూలే, బోర్డు చూసి ఎక్కండి. మలక్‌పేట, న్యూ మార్కెట్ దాటగానే మూడోది మూసారాంబాగ్. సమాధి స్టేషన్ పక్కనే ఉండదు, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంటుంది. ఆటోవాళ్లకు ‘రేమండ్ సమాధి’ అంటే తెలియకపోవచ్చు, ఆస్మాన్‌గఢ్ అని అడగండి. నల్లరాతి స్తంభం సుమారు 7 మీటర్ల ఎత్తుంటుంది, దాని మీద ‘జేఆర్’ అనే అక్షరాలు చెక్కి ఉంటాయి. పక్కనున్న స్తంభాల మంటపం పాతదనుకోకండి, 2001 అక్టోబరు వానలకు కూలితే మళ్లీ కట్టారు. నల్లరాయి ఎండకు మెరుస్తుంది, అక్షరాలు ఫొటోలో పడాలంటే మిట్టమధ్యాహ్నం వద్దు.