జర్మన్ సైనిక వస్తువుల గురించి రాసే తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. వాక్యం చక్కగా నడిచింది, పేర్ల దగ్గరే తడబడ్డావు. ఈ రంగంలో పేరు తప్పితే వస్తువు కాలం, దళం, ధర అన్నీ తప్పుతాయి.

వేర్‌మాఖ్ట్‌ని నువ్వు 'జర్మన్ ఆర్మీ' అన్నావు. హిట్లర్ కాలంలో, 1935 నుంచి రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ఆ పేరు త్రివిధ దళాలకూ కలిపి ఉండేది. అందులో సైన్యం పేరు హేర్, నౌకాదళం క్రీగ్స్‌మరీనె, వైమానిక దళం లుఫ్ట్‌వాఫె. వాఫెన్-ఎస్‌ఎస్ యుద్ధరంగంలో సైన్యాధికారుల కింద పోరాడినా, అది నాజీ పార్టీ సాయుధ సంస్థ ఎస్‌ఎస్‌లో భాగం. నిర్బంధ శిబిరాలు నడిపింది ఆ ఎస్‌ఎస్సే. దాని బ్యాడ్జీల గురించి రాసేటప్పుడు 'అద్భుతం', 'వీరోచితం' లాంటి మాటలు వద్దు.

ర్యాంకుల్లో మరీ జాగ్రత్త. ఇప్పటి జర్మన్ సైన్యంలో హౌప్ట్‌ఫెల్డ్‌వేబెల్ ఒక ర్యాంకు. అప్పట్లో అది బాధ్యత మాత్రమే. కంపెనీ వ్యవహారాలు చూసే సీనియర్ సార్జంటుకి ఆ పని అప్పగించేవారు. కోటు చేతుల చివర చుట్టూ రెండు జరీ పట్టీలుంటే అది ఆ బాధ్యతకు గుర్తు. అతని ర్యాంకు భుజపట్టీ చూసి చెప్పాలి. పదాతిదళంలో ఫెల్డ్‌వేబెల్ అన్నవాణ్ణే ఫిరంగి, అశ్విక దళాల్లో వాఖ్ట్‌మైస్టర్ అనేవారు. భుజపట్టీ అంచు తెల్లగా ఉంటే పదాతిదళం, ఎర్రగా ఉంటే ఫిరంగి దళం, బంగారు పసుపు అయితే అశ్వికదళం.

గుర్తింపు బిళ్ళ గురించి రాసిన పేరా మొత్తం తిరగరాయి. అండాకారపు బిళ్ళకు అడ్డంగా చీలికలు ఉంటాయి, రెండు సగాల మీదా అవే వివరాలు కొట్టి ఉంటాయి. మనిషి చనిపోతే కింది సగం విరిచి తీసుకునేవారు, పై సగం దేహంతోనే ఉండేది. దాని మీద పేరు ఉండదు. బిళ్ళ ఇచ్చిన యూనిట్, వరుస సంఖ్య, చాలావాటి మీద రక్తం గ్రూపు ఉంటాయి. ఆ యూనిట్ తరచుగా కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే బెటాలియనే. అందుకే బిళ్ళను బట్టి 'ఈయన స్టాలిన్‌గ్రాడ్‌లో పోరాడాడు' అనడం కుదరదు. అది తేలాలంటే వేర్‌పాస్ అనే సేవా రికార్డు పుస్తకం కావాలి, అందులో యూనిట్లూ పోరాటాలూ నమోదవుతాయి. సైనికుడి జేబులో ఉండేది మాత్రం సోల్డ్‌బూఖ్, అంటే జీతం, గుర్తింపు వివరాల పుస్తకం. వేర్‌పాస్ యూనిట్ దగ్గరే ఉండేది. ఈ రెండింటినీ కలిపి 'పాస్‌బుక్' అనకు.

హెల్మెట్ లోపల 'ఈటీ 64' అని ఉంటే 'ఈటీ' అంటే థాలె ఊళ్లోని ఫ్యాక్టరీ, 64 ఉక్కు డొప్ప సైజు. అందులో 56 లేదా 57 సెంటీమీటర్ల తలకు సరిపోయే తోలు లైనర్ పడుతుంది. డొప్ప అసలుదైనంత మాత్రాన పక్కనున్న డేగ బొమ్మ అసలుది కానక్కర్లేదు. నకిలీలు ఎక్కువగా అక్కడే జరుగుతాయి.

ఐరన్ క్రాస్ మీది 1939, ఆ పతకాన్ని పునరుద్ధరించిన ఏడాది. 1944లో ఇచ్చినదాని మీదా అదే ఉంటుంది. స్వస్తిక బదులు ఓక్ ఆకులుంటే అది 1957 నాటి చట్టం తర్వాత చేసింది.

చివర్లో ఇండియన్ లీజియన్, అంటే జర్మనీ తరఫున ఏర్పడ్డ భారతీయుల దళం, చేతి బ్యాడ్జీని ప్రస్తావించావు, సంతోషం. దూకే పులి, పైన 'ఫ్రైయెస్ ఇండియెన్' (స్వతంత్ర భారత్). ఆ దళం 1944 ఆగస్టు దాకా సైన్యంలో ఉండి, ఆ తర్వాత వాఫెన్-ఎస్‌ఎస్ కిందికి మారింది. బ్యాడ్జీ వివరంలో ఆ రెండు దశలూ విడిగా రాయి.

సవరించిన ప్రతితో పాటు బిళ్ళకు రెండు వైపులా తీసిన ఫొటోలు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య