ట్యాస్క్‌లెట్ ప్రశ్న దగ్గర ఆగిపోతే కెర్నెల్ వదిలేయాలా?

ప్రశ్న: ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో ఉన్నాను. లినక్స్ కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టం మూల భాగంలో) డివైస్ డ్రైవర్లు రాసే ఉద్యోగం ఇంటర్వ్యూలో, ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ సీపీయూని పిలిచే సంకేతం) తర్వాత మిగిలిన పనిని ట్యాస్క్‌లెట్‌కి ఇస్తావా, వర్క్‌క్యూకి ఇస్తావా, ఎందుకు అని అడిగారు. నిర్వచనాలు చెప్పగలిగాను, ఎందుకో చెప్పలేకపోయాను. వెబ్ డెవలప్‌మెంట్‌కి మారిపోనా?

జవాబు: వెబ్ మీద నిజంగా ఇష్టముంటే మారండి, ఈ ఒక్క ప్రశ్నకి భయపడి మాత్రం వద్దు. వాళ్లు చూసింది ఒక్కటే: ఆ పని మధ్యలో నిద్రపోవాల్సి, అంటే సీపీయూ వదిలి దేనికోసమైనా ఆగాల్సి వస్తుందా, రాదా?

లినక్స్‌లో మామూలు ఇంటరప్ట్ హ్యాండ్లర్ (ఇంటరప్ట్ రాగానే నడిచే ఫంక్షన్) నడుస్తున్నంతసేపు ఆ సీపీయూ మీద మిగతా ఇంటరప్ట్‌లు ఆగి ఉంటాయి, అందుకే హ్యాండ్లర్ హార్డ్‌వేర్‌కి జవాబిచ్చి, అత్యవసరమైంది తీసుకుని, మిగతాది తర్వాతకి వదిలేసి బయటికొచ్చేయాలి. ఆ మిగతాది సాఫ్ట్‌ఐఆర్‌క్యూలోనో (హ్యాండ్లర్ అయ్యాక వాయిదా పనిని కెర్నెల్ నడిపే చోటు), దాని మీదే నడిచే ట్యాస్క్‌లెట్‌లోనో పెడితే త్వరగా అవుతుంది, కానీ అక్కడ నిద్ర కుదరదు, మ్యూటెక్స్ (దొరికేదాకా నిద్రపోవాల్సి వచ్చే తాళం) పట్టుకోకూడదు. వర్క్‌క్యూ పనిని కెర్నెల్ థ్రెడ్ చేస్తుంది కాబట్టి నిద్రపోవచ్చు, బదులుగా షెడ్యూలర్ దగ్గర తన వంతు కోసం ఆగాలి. ఐ2సీ బస్ (చిన్న చిప్‌లని కలిపే నెమ్మదైన దారి) మీదున్న సెన్సర్ రిజిస్టర్ చదవాలంటే బస్ లావాదేవీ అయ్యేదాకా ఆగాల్సిందే, కాబట్టి వర్క్‌క్యూ, లేదా 2009లో 2.6.30 కెర్నెల్‌తో వచ్చిన థ్రెడెడ్ ఇంటరప్ట్ (హ్యాండ్లర్ పనిని థ్రెడ్‌లో నడపడం). నెట్‌వర్క్ ప్యాకెట్లు వరదలా వస్తాయి, వాటికి సాఫ్ట్‌ఐఆర్‌క్యూ. దానికీ హద్దుంది: సుమారు 2 మిల్లీసెకన్లు దాటినా, 10 చుట్లు తిరిగినా, మిగిలిన పని కెసాఫ్ట్‌ఐఆర్‌క్యూడీ థ్రెడ్‌కి పోతుంది, లేకపోతే మామూలు ప్రోగ్రాములకి సీపీయూయే దొరకదు.

ఇంకో మాట, ట్యాస్క్‌లెట్‌లని మెల్లగా తప్పిస్తున్నారు. 2024లో 6.9 కెర్నెల్‌లో వాటి స్థానంలో వాడుకోవడానికి సాఫ్ట్‌ఐఆర్‌క్యూలోనే నడిచే బీహెచ్ (బాటమ్ హాఫ్) వర్క్‌క్యూలు వచ్చాయి. అవి కూడా నిద్రపోలేవు, కంగారులో మామూలు వర్క్‌క్యూలతో కలిపేయకండి. అడక్కపోయినా ఇది చెప్పండి, చదివి వదిలేయలేదని తెలుస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది: వర్చువల్ మెషీన్‌లో చిన్న మాడ్యూల్ రాసి, ట్యాస్క్‌లెట్ లోపల కావాలనే ఎమ్‌స్లీప్ (కొన్ని మిల్లీసెకన్లు నిద్రపుచ్చే ఫంక్షన్) పిలవండి (మెషీన్ బిగుసుకుపోవచ్చు, అందుకే మీ అసలు సిస్టంలో వద్దు). కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో 'షెడ్యూలింగ్ వైల్ అటామిక్' (నిద్రపోకూడని చోట నిద్రపోయావని) అని ఎర్రర్ పడుతుంది. ఆ ఫంక్షన్‌నే వర్క్‌క్యూకి మార్చి మళ్లీ నడపండి, ఎర్రర్ ఉండదు. తర్వాత పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెట్టి ప్రాక్ ఫోల్డర్‌లోని సాఫ్ట్‌ఐఆర్‌క్యూస్ ఫైల్ మళ్లీ మళ్లీ తెరిస్తే నెట్ ఆర్‌ఎక్స్ (నెట్‌వర్క్ నుంచి అందుకునే పని) వరుసలో అంకెలు ఎగబాకుతుంటాయి. ఈ రెండు కోడ్‌లూ, వచ్చిన ఎర్రరూ రెజ్యూమెలో లింక్‌గా పెట్టండి. ఎంబెడెడ్, నెట్‌వర్కింగ్, స్టోరేజ్ ఉద్యోగాలకి వెళ్తే ఇంటర్వ్యూలో మాట అక్కడి నుంచే మొదలవుతుంది.