పాతాళగంగ ఎటు పోతుంది? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బెలూం గుహల్లో పాతాళగంగ చూశాం. నీళ్లు కాస్త దూరం పారి బండల కింద మాయమైపోయాయి. రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న బెలూం ఊరి బావిలో తేలతాయని అక్కడివాళ్లు నమ్మకంగా చెప్పారు. అలా జరుగుతుందా, లేక ఊరికే చెప్పుకునే మాటా? – ఒక పాఠకురాలు, తాడిపత్రి

జవాబు: అలా జరగడానికి పూర్తిగా వీలున్న నేల అండీ అది. మీ ఊరివైపు ఏ ఇంట్లోకి వెళ్లినా కాలికింద నాపరాళ్లే కదా, కొలిమిగుండ్ల, బేతంచెర్ల వైపు క్వారీల్లో తీసేవి, ఆ రాయే గుహలోనూ ఉంది. భూగర్భ శాస్త్రంలో దాన్ని నార్జి సున్నపురాయి అంటారు. వాన నీరు గాల్లోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కొంచెం పులుపెక్కుతుంది, ఆ పులుపు సున్నపురాయిని మెల్లగా తినేస్తుంది. రాయి మొత్తాన్ని ఒకేలా తినదు, పగులు ఎక్కడుంటే అక్కడే. లక్షల ఏళ్లకు ఆ పగుళ్లు గొట్టాలవుతాయి, గొట్టాలు మనం దూరి నడిచే సొరంగాలవుతాయి. బెలూంలో కొలిచినంతవరకు 3,229 మీటర్లు తేలింది, 1982-83లో జర్మనీ నుంచి వచ్చిన గెబావర్ బృందం లోపలంతా తిరిగి చూసింది. పాతాళగంగ ఉన్నది అన్నిటికన్నా లోతైన చోట, దాదాపు 46 మీటర్ల కింద. మెట్లు దిగుతుంటే చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది, గాలి బరువుగా ఉంటుంది, మీకూ గుర్తుండే ఉంటుంది.

ఇలాంటి చోట మాయమైన నీళ్లు ఎక్కడ తేలతాయో కనుక్కోవడానికి రంగు కలిపి చూస్తారు. ఫ్రాన్స్‌లో మాత్రం ఓసారి రంగు బదులు మందు పనికొచ్చింది! 1901 ఆగస్టులో పోంటార్లియే ఊళ్లోని పెర్నో మద్యం ఫ్యాక్టరీ పిడుగు పడి అంటుకుంది. పీపాలు పేలకుండా సరుకునంతా పక్కనున్న డూ నదిలోకి వదిలేశారు. ఒకట్రెండు రోజుల తర్వాత చూస్తే, కిలోమీటర్ల అవతల లూ అనే వేరే నది పుట్టే ఊట దగ్గర నీళ్లు అబ్సింత్ (ఆ ఫ్యాక్టరీలో తయారయ్యే మద్యం) వాసన కొట్టాయి. ఆ తర్వాత 1910లో మార్టెల్ అనే గుహల పరిశోధకుడు రంగు కలిపి, రెండు నదులకూ భూమిలోపల సంబంధం ఉందని రుజువు చేశాడు. మన ఊళ్లలో 'ఇక్కడ నిమ్మకాయ వేస్తే అక్కడ తేలింది' అని చెప్పుకునేవి కూడా ఇలాంటి పరీక్షలే, కాకపోతే లెక్క రాసిపెట్టలేదంతే. కాబట్టి నా ఓటు ఊరివాళ్ల మాటకే.

ప్రశ్న: యాగంటి కోనేట్లో ఎండాకాలంలోనూ నీళ్లు తగ్గవెందుకు? కాకులు రాకపోవడానికీ దానికీ ఏమైనా సంబంధం ఉందా?

జవాబు: కాకులది అగస్త్యుడి కథ. తపస్సు చేసుకుంటుంటే కాకులు వచ్చి అల్లరి చేశాయట, ఇకపై ఈ చోటికి రావద్దని ఆయన శపించాడట. కాకి శనిదేవుడి వాహనం కాబట్టి శని కూడా రాడని భక్తుల ధీమా. నీళ్ల సంగతికి శాపాలేం అక్కర్లేదు. ఎర్రమల కొండలమీద పడ్డ వాన పగుళ్లలోకి దిగి, లోపల నిలిచి, కొండ అడుగున నంది నోట్లోంచి నిదానంగా బయటికొస్తుంది. పైన ఎండ మండుతున్నా లోపల నిలవున్న నీటికి ఏమీ కాదు.

ప్రశ్న: బొర్రా గుహల్లో ఆవు పడ్డ కథ నిజమా?

జవాబు: మేతకెళ్లిన ఆవు పైనున్న బిలంలోంచి గుహలో పడిందని, వెతుకుతూ దిగిన కాపరికి లోపల శివలింగం కనిపించిందని కథ. గుహలో పుట్టే నీటికి గోస్తనీ అనే పేరు ఆవు పొదుగు నుంచే వచ్చిందంటారు. ఆవు నిజంగా పడిందో లేదో మనం చూడబోయామా, కానీ కప్పులో బిలం మాత్రం ఉంది, సున్నపురాయి కొండల్లో పైకప్పు కూలి అలాంటివి ఏర్పడటం మామూలే. ఆ నదే తాటిపూడి జలాశయం మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది.

ప్రశ్న: గుహల్లోంచి వచ్చే ఊటనీళ్లు స్వచ్ఛమైనవని మా తాతగారు తాగమంటారు. తాగొచ్చా?

జవాబు: తాతగారికి నమస్కారం చెప్పి, వద్దనండి. ఇసుక నేలలో నీరు వడకట్టుకుని దిగుతుంది. సున్నపురాయిలో వడపోత ఉండదు, గొట్టంలోంచి పారినట్టే సూటిగా పారుతుంది. పైన గుంతలో మేక చచ్చిపడితే ఆ రసమంతా కింద ఊటలోకి వస్తుంది, చూడ్డానికి మాత్రం నీళ్లు అద్దంలా ఉంటాయి. బెలూం గుహలనే తీసుకోండి, 1980లదాకా చుట్టుపక్కలవాళ్లు చెత్త అందులోనే పడేసేవాళ్లు. అందులోని నీళ్లు ఊరి బావిలోకి వస్తాయని నమ్ముతూనే! ఇప్పటికీ సున్నపురాయి ప్రాంతాల్లో పాడుబడ్డ గుంత కనిపిస్తే చాలు, చెత్తబండి తెచ్చి ఒంపేస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

తప్పనిసరై తాగాలంటే బాగా మరగకాచండి. గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటే కంగారుపడకండి, అది సున్నమే, దానివల్ల నష్టం లేదు. పప్పు మాత్రం ఆ నీళ్లలో ఓ పట్టాన ఉడకదు, దానికి వేరే నీళ్లు పట్టుకోండి.