సూపర్‌కారు పెట్టుబడి అవుతుందా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. మరో ఇద్దరితో కలిసి పెట్టిన కంపెనీలో నా వాటా ఈ మధ్యే అమ్మేశాను. పన్నులు పోను షేర్లు, బాండ్లు, నగదు అన్నీ కలిపి 1.4 కోట్ల డాలర్లు ఉన్నాయి. సొంత ఇల్లుంది, అప్పుల్లేవు. ఇంటి ఖర్చు ఏడాదికి 2.5 లక్షల డాలర్లు. పేరున్న ఒక కంపెనీ తెస్తున్న లిమిటెడ్ ఎడిషన్ హైపర్‌కారు బుక్ చేసుకునే అవకాశం వచ్చింది. ధర 35 లక్షల డాలర్లు. నెలలోపు 7 లక్షలు అడ్వాన్స్ కట్టాలి. కారు చేతికి రావడానికి రెండేళ్లు పడుతుంది. మొత్తం మీద నా సొమ్ము 15 లక్షలు పెట్టి, మిగతా 20 లక్షలు షేర్లు తనఖా పెట్టి తీసుకుందామనుకుంటున్నాను. ఇలాంటి కార్ల ధరలు పెరగడమే కానీ తగ్గడం ఉండదని, ఐదేళ్లు ఉంచి అమ్మితే షేర్ల కన్నా ఎక్కువ లాభమని నా స్నేహితుడు అంటున్నాడు. నాకు చిన్నప్పటి నుంచి కార్ల పిచ్చి కూడా ఉందనుకోండి. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఒక మాట. ఈ కారు కొన్నంత మాత్రాన మీరు వీధిన పడరు, ఆ టెన్షన్ వద్దు. నా అభ్యంతరమల్లా మీరు దీన్ని పెట్టుబడి ఖాతాలో రాసుకోవడం మీదే. అలా రాసుకున్నారు కాబట్టే అప్పు తేవడానికి కూడా మనసొప్పింది. కార్ల పిచ్చి సంగతి చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు రాశారు కానీ, అసలు కారణం అదేనని నా అనుమానం. అందులో తప్పేం లేదు. కాకపోతే సరదాకు కొంటున్నానని ఒప్పుకున్న మనిషి 20 లక్షల డాలర్లు అప్పు చేయడు.

మీ స్నేహితుడు ఏ అంకెలు చూసి ఆ మాటన్నాడో ఊహించగలను. 2022 మేలో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, మెర్సిడెస్ మ్యూజియంలోనే జరిగిన వేలంలో 1955 నాటి 300 ఎస్ఎల్ఆర్ ఉలెన్‌హౌట్ కూపే 13.5 కోట్ల యూరోలకు పోయింది. ఇంతవరకు ఏ కారుకూ అంత ధర రాలేదు. ఫెరారీ 250 జీటీఓ ఒకటి 2018లో 4.84 కోట్ల డాలర్లకు, మరొకటి 2023లో 5.17 కోట్లకు అమ్ముడయ్యాయి. అన్నీ నిజాలే. కానీ ఉలెన్‌హౌట్ కూపేలు ప్రపంచం మొత్తం మీద రెండే తయారయ్యాయి. రెండూ 2022 వరకు కంపెనీ దగ్గరే ఉన్నాయి. అంటే అప్పటిదాకా 67 ఏళ్లలో ఆ కారు కొని లాభపడిన ఇన్వెస్టర్ అంటూ ఎవరూ లేరు. వేలంలో వచ్చిన డబ్బు కూడా విద్యార్థుల స్కాలర్‌షిప్పుల నిధికి వెళ్లింది. ఇక 250 జీటీఓ 1960ల నాటి రేసు కారు. దాని ధరలో సగం దాని చరిత్రదే. మీ కారుకు ఆ చరిత్ర ఇంకా మొదలే కాలేదు.

ఇలా చరిత్ర ఉన్న పాత కార్లు ఒక రకం. రెండో రకం, ఒక్కరి కోసమే చేసి ఇచ్చేవి. బుగాటీ 2019లో చూపించిన లా వాచ్యూర్ న్వార్ ధర పన్నులు కాకుండానే 1.1 కోట్ల యూరోలు. ఒక్కటే చేశారు. రోల్స్ రాయిస్ బోట్ టెయిల్ మూడే చేశారు. దాని ధరను కంపెనీ బయటపెట్టలేదు కానీ 2.8 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని పత్రికలు రాశాయి. ఇవి కొనేవాళ్లు తమ అభిరుచికి తగ్గట్టు కుట్టించుకున్నవి. ఒకరి కొలతలకు కుట్టిన కోటు ఇంకొకరికి అమ్మబోతే ఎంతొస్తుందో, వీటికి రీసేల్‌లో ఎంతొస్తుందో కూడా అలాగే ముందు చెప్పలేం.

మీ కారుకు నిజంగా దగ్గరగా ఉండే పోలిక మెక్‌లారెన్ ఎఫ్1. 1990లలో వచ్చింది, అన్ని రకాలూ కలిపి 106 చేశారు. కొత్తలో ధర 8 లక్షల డాలర్ల పైన. 2021 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ వేలంలో ఒకటి 2.04 కోట్ల డాలర్లకు పోయింది. పాతికేళ్ల పైచిలుకులో పాతిక రెట్లు! చక్రవడ్డీ లెక్కన ఏటా సుమారు 13 శాతం. అదే కాలంలో అమెరికా షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 డివిడెండ్లతో కలిపి ఏటా 10 శాతం చుట్టుపక్కల ఇచ్చింది. తేడా మూడు శాతం. ఇప్పుడు ఆ కారుకు పాతికేళ్లు కట్టిన బీమా, పెట్టిన చోటికి అద్దె, సర్వీసు, అమ్మినప్పటి వేలం కమిషన్ తీసేయండి. ఆ మూడు శాతంలో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. పైగా ఆ కారు అన్నేళ్లలో తిరిగింది మొత్తం 400 కిలోమీటర్ల లోపే. అంత ధర రావడానికి అదీ ఒక కారణం. ఆధునిక సూపర్‌కార్లలో తలమానికం లాంటిది, దాదాపు నడపకుండా దాచిపెడితే, ఏ శ్రమా లేని ఇండెక్స్ ఫండ్‌తో (సూచీలోని షేర్లన్నీ కొని ఉంచే ఫండ్‌తో) సమానంగా నిలిచిందన్నమాట.

అది కూడా, ఏ కారు గెలుస్తుందో ముందే తెలిసినవాళ్లకు. ఎఫ్1 అమ్మకానికి ఉన్న రోజుల్లో కంపెనీ ఆశించినంత మంది కొనలేదు. అదే కాలంలో అందరూ ఎగబడిన కారు వేరే ఉంది, జాగ్వార్ ఎక్స్‌జే220. మీరిప్పుడు ఉన్న స్థానంలోనే అప్పటివాళ్లూ ఉన్నారు కాబట్టి దాని కథ కొంచెం వివరంగా చెబుతాను.

1988లో బర్మింగ్‌హామ్ మోటార్ షోలో దాని నమూనా చూపించారు. వీ12 ఇంజిన్ (అంటే 12 సిలిండర్లది), నాలుగు చక్రాలకూ శక్తి. జనం వెర్రెత్తిపోయారు. 50 వేల పౌండ్లు అడ్వాన్స్ కట్టి బుక్ చేసుకున్నారు. వాళ్లలో చాలామంది నడపడానికి కాదు, డెలివరీ కాగానే ఎక్కువ ధరకు అమ్ముకోవడానికి కట్టినవాళ్లు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. 1992లో అసలు కారు వచ్చేసరికి ఇంజిన్ వీ6 అయింది, శక్తి వెనక చక్రాలకే పరిమితమైంది, ధర 4.7 లక్షల పౌండ్లకు చేరింది. ఈలోగా మాంద్యం వచ్చి పడింది. ఆ ఏడాది ప్రపంచంలో అత్యంత వేగవంతమైన కార్లలో అదొకటి, అయినా బుక్ చేసుకున్నవాళ్లు మాకొద్దన్నారు. కొందరు కోర్టుకెక్కారు, కొందరు డబ్బిచ్చి ఒప్పందం వదిలించుకున్నారు. 350 చేద్దామనుకున్న కంపెనీ 280 దగ్గర ఆగిపోయింది. ఫెరారీ ఎఫ్40 కూడా 1980ల చివర్లో అసలు ధరకు ఎన్నో రెట్లు పలికి, 1990 తర్వాత దారుణంగా పడిపోయింది. ఇప్పుడు దాని ధర చూసి ఆహా అంటున్నాం కానీ, 1990లో కొన్నవాళ్లు తమ డబ్బు తిరిగి చూడటానికి ఎన్నేళ్లు ఆగారో ఎవరూ చెప్పుకోరు.

ఇక మీ సొంత లెక్కకు వద్దాం. అంకెలు నావి, మీకు తగ్గట్టు మార్చుకోండి. కారు చేతికొచ్చిన రోజు నుంచి ఐదేళ్లు చూద్దాం. 20 లక్షల అప్పు మీద 6 శాతం వడ్డీ అంటే ఏటా 1.2 లక్షలు. మీ 15 లక్షలు వేరేచోట 6 శాతం తెచ్చేవి, అది పోయినట్టే కాబట్టి 90 వేలు. బీమా, భద్రంగా ఉంచే చోటు, సర్వీసు కలిపి కారు ధరలో 3 శాతం అనుకుంటే 1.05 లక్షలు. ఏటా మొత్తం 3.15 లక్షలు, ఐదేళ్లకు 15.75 లక్షలు. అంటే 50.75 లక్షలు చేతికొస్తేనే మీకు లాభం లేదు నష్టం లేదు. వేలంలోనో డీలర్ ద్వారానో అమ్మితే కమిషన్లకు 10 శాతం పోతుందనుకుంటే, అమ్మకం ధర 56 లక్షల పైన ఉండాలి. ఐదేళ్లలో 60 శాతం పెరిగితే మీరు ఇవాళ ఉన్న చోటే ఉంటారు. ఇందులో లాభం మీద పన్ను కలపలేదు. డెలివరీకి ముందు రెండేళ్లు 7 లక్షల అడ్వాన్స్ మీద పోయే వడ్డీ కూడా కలపలేదు.

మెయింటెనెన్స్‌కు 3 శాతం ఎక్కువనిపిస్తే, బుగాటీ వేరాన్ యజమానులను తలుచుకోండి. దాని టైర్లు మిషెలిన్ ప్రత్యేకంగా చేసినవి, నాలుగూ కలిపి 30 వేల డాలర్ల పైమాటే. ఆయిల్ మార్పించడానికే 20 వేల డాలర్ల దాకా అయ్యేదని అంటారు. నడిపినా నడపకపోయినా టైర్లకు వయసు మీద పడుతూనే ఉంటుంది.

అప్పు సంగతి ఇంకా ఇబ్బందికరం. షేర్లు తనఖా పెట్టి తీసుకున్న అప్పులో, మార్కెట్ బాగా పడితే బ్యాంకు ఇంకా తనఖా తెమ్మంటుంది, లేదా షేర్లు అమ్మేస్తుంది. మార్కెట్లు పడ్డ రోజుల్లోనే 35 లక్షల డాలర్ల కార్లు కొనేవాళ్లు కూడా మాయమవుతారు, ఎందుకంటే వాళ్ల డబ్బూ ఆ మార్కెట్లలోనే ఉంటుంది. షేర్లు తక్కువ ధరకు పోతాయి, కారు ఏ ధరకూ పోదు. కొనేవాళ్లు ప్రపంచం మొత్తంలో కొన్ని వందల మంది ఉండే వస్తువుకు మార్కెట్ ధర అనేది ఆ వారం ఎవరికి మూడ్ ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ మూడ్ కూడా మారిపోతుంటుంది. ఎలక్ట్రిక్ హైపర్‌కారు నెవేరాను తయారుచేసిన కంపెనీ అధిపతి మాతే రిమాక్, సంపన్నులకు ఆ తరహా కార్ల మీద ఆసక్తి పెద్దగా లేదని 2024లో స్వయంగా చెప్పారు. ఆయనే నడిపిస్తున్న బుగాటీ ఆ ఏడాది చూపించిన కొత్త కారు టూర్‌బియాన్‌లో పెట్రోలుతో నడిచే వీ16 ఇంజిన్‌కు బ్యాటరీ జోడించారు. మీరు బుక్ చేస్తున్న కారు ఏ ఇంధనంతో నడుస్తుందో రాయలేదు. పూర్తి ఎలక్ట్రిక్ అయితే రీసేల్ గురించి నా అనుమానం ఇంకాస్త ఎక్కువే.

మీ స్నేహితుడు బహుశా చెప్పని ఇంకో విషయం, ఇలాంటి కార్లు చాలావాటిని మీ ఇష్టమొచ్చినప్పుడు అమ్మలేరు. 2017లో ఫోర్డ్ కంపెనీ, రెజ్లర్, నటుడు జాన్ సీనా మీద కేసు వేసింది. ఫోర్డ్ జీటీ కొనేటప్పుడు రెండేళ్ల దాకా అమ్మనని ఒప్పుకుని, కొద్ది వారాల్లోనే అమ్మేశాడన్నది ఆరోపణ. మరుసటి ఏడాది రాజీతో ముగిసింది, రాజీ సొమ్ము దాతృత్వానికి వెళ్లింది. మీ ఒప్పందంలోనూ ఇలాంటి షరతు ఉండొచ్చు, అమ్మాలంటే ముందు మాకే చూపించాలనే నిబంధన ఉండొచ్చు. దాన్ని కాదని అమ్మితే తర్వాతి మోడల్‌కు మీ పేరు జాబితాలో ఉండదు. ఈ వ్యాపారంలో అసలు విలువ ఆ జాబితాకే. బాగా పెరిగే కార్లు పాత కస్టమర్లకు ముందే కేటాయిస్తారు. కొత్తవాళ్ల దాకా వచ్చిందంటే పాతవాళ్లలో కొందరు వద్దన్నారా అని అడగడం మీ హక్కు.

కార్ల మీద నమ్మకం ఉంటే కార్ల కంపెనీల షేర్లు కొనొచ్చు కదా అని మీరు అడగొచ్చు. 2015లో ఫెరారీ షేరు 52 డాలర్లకు మార్కెట్లోకి వచ్చింది, 2024లో అది 400 దాటింది. 2018లో ఆస్టన్ మార్టిన్ షేరు 19 పౌండ్లకు వచ్చింది, ఆ తర్వాత విలువలో 90 శాతం పైన పోయింది. రెండూ అందమైన కార్లు చేసే కంపెనీలే. రెంటినీ కలిపి కొన్న ఇండెక్స్ ఫండ్ యజమానికి ఏ టెన్షనూ లేదు.

నా సలహా ఇది. 1.4 కోట్లలో పదో వంతు, అంటే 14 లక్షలు, సరదా ఖాతాలోకి వేయండి. ఇది మళ్లీ రాకపోయినా పర్లేదు అనుకునే డబ్బు. అప్పు వద్దు. మిగతా 1.26 కోట్ల మీద ఇంటి ఖర్చు 2.5 లక్షలు, కారు ఖర్చు 40 వేలు తీసినా ఏటా 2.3 శాతమే తీసుకున్నట్టు. హాయిగా నడుస్తుంది. మీరనుకున్న పద్ధతిలో అయితే షేర్లు, బాండ్లు 1.25 కోట్లు ఉంటాయి కానీ వాటి మీద 20 లక్షల అప్పు కూర్చుంటుంది, వడ్డీతో కలిపి ఏటా 4.75 లక్షలు, అంటే 3.8 శాతం తీయాల్సి వస్తుంది. 44 ఏళ్లకే అంత తీయడం మొదలుపెట్టడం నాకు నచ్చదు.

14 లక్షలకు ఏం వస్తుందని నిట్టూర్చకండి. అప్పటికే మార్కెట్లో ధర తేలిన, మొదటి పడిపోవడాన్ని వేరేవాళ్లు భరించిన కారు చూడండి. పోర్షే కారెరా జీటీ 1,270 చేశారు. ఒకప్పుడు కొన్నేళ్లపాటు కొత్త ధర కన్నా తక్కువకే దొరికిన ఈ కారు తర్వాత పది లక్షల డాలర్లు దాటింది. ఇంకా పెరుగుతుందని నేను చెప్పను. కనీసం ఎంతకు అమ్ముడవుతోందో కొన్ని పదుల లావాదేవీలు చూసి తెలుసుకోవచ్చు, నిపుణుడితో ఇంజిన్ చూపించి కొనొచ్చు, వారం చివర నడపొచ్చు కూడా. బీమా తీసుకునేటప్పుడు ముందే ఒప్పుకున్న విలువ ఇచ్చే పాలసీ అడగండి.

ఇంత చెప్పినా మీ మనసు ఆ కొత్త కారు మీదే ఉంటే, 7 లక్షలు పంపేముందు ఒప్పందం ఒక లాయరు చేత చదివించండి. ధర స్థిరమా, ఇంజిన్, డిజైన్ మారితే డబ్బు వాపసా, మీరు వెనక్కి తగ్గితే ఎంత పోతుంది, ఎన్నాళ్లు అమ్మకూడదు, అడ్వాన్స్ కంపెనీ సొంత ఖాతాలోకా లేక విడిగా మూడో పార్టీ దగ్గరా? చివరిది చాలామంది అడగరు. 1995లో అప్పటి బుగాటీ కంపెనీ దివాలా తీసింది. అలాంటి రోజు వస్తే, కంపెనీ ఖాతాలో ఉన్న అడ్వాన్స్‌కు మీరు ఏ తనఖా లేకుండా అప్పిచ్చినవాళ్ల వరసలో నిలబడాలి. వీటికి రాతపూర్వకంగా జవాబివ్వడానికి వాళ్లు తటపటాయిస్తే, గడువు దాటిపోయినా సరే, డబ్బు పంపకండి.