అండాశయంలో రక్తం చేరితే ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. విజయవాడ పటమటలో ఉంటాం. పెళ్లయి రెండేళ్లయింది, ఇంకా పిల్లల్లేరు. పోయిన వారం ఉన్నట్టుండి పొత్తికడుపులో కుడివైపు విపరీతంగా నొప్పి వచ్చింది. స్కాన్ తీస్తే కుడి అండాశయంలో 4.5 సెంటీమీటర్ల హెమరేజిక్ సిస్ట్ (రక్తం చేరిన తిత్తి) ఉందన్నారు. ఇప్పుడు నొప్పి చాలావరకు తగ్గింది. కానీ తెలిసినవాళ్లు ఆపరేషన్ చేయించుకోకపోతే క్యాన్సర్ అవుతుందంటున్నారు. అండాశయం తీసేస్తే నాకు పిల్లలు పుడతారా?

డాక్టర్ సలహా: అమ్మా, ముందు ఆ క్యాన్సర్ భయం వదిలేయండి. మీ వయసులో ఇలాంటి సిస్ట్ చాలా మామూలు, క్యాన్సర్‌గా మారే రకం కాదు, ఎక్కువమందిలో దానంతటదే కరిగిపోతుంది. ప్రతి నెలా అండం విడుదలయ్యాక ఆ చోట కార్పస్ లూటియం అనే చిన్న గ్రంథి తయారవుతుంది, గర్భం నిలవడానికి కావాల్సిన ప్రొజెస్టిరాన్ హార్మోన్ దాన్నుంచే రావాలి కాబట్టి దాని చుట్టూ సన్నటి రక్తనాళాలు బాగా పెరుగుతాయి, వాటిలో ఏదైనా చిట్లితే రక్తం లోపలే చేరి ఉబ్బుతుంది. అందుకే ఈ నొప్పి ఎక్కువగా పీరియడ్ రావడానికి ముందు రెండు వారాల్లో వస్తుంది, కొందరికి కలయిక తర్వాతో, బరువులెత్తినప్పుడో మొదలవుతుంది.

మీరు రాయని విషయం ఒకటుంది, నాకు అదే ముఖ్యం. ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయించారా? పెళ్లయిన అమ్మాయి పొత్తికడుపు నొప్పితో వస్తే, పీరియడ్ వచ్చిందని చెప్పినా సరే, మేం ముందు చేయించేది అదే. ట్యూబులో నిలిచిన గర్భం కూడా ఇలాగే నొప్పి పెడుతుంది, దానివల్ల కనిపించే కొద్దిపాటి రక్తాన్ని చాలామంది పీరియడ్ అనుకుంటారు. ఇంతవరకు చేయించకపోతే ఇవాళే చేయించండి, మూత్రంతో చేసే కార్డు టెస్టులో తేలకపోతే రక్తంలో బీటా హెచ్‌సీజీ అనే గర్భం హార్మోన్ చూస్తారు.

ఇక మీ రిపోర్టు. సిస్ట్ లోపల సాలెగూడు లాంటి సన్నని గీతలు కనిపించి, డాప్లర్‌లో (రక్తప్రవాహాన్ని చూపే స్కాన్‌లో) లోపల రక్తప్రసరణ లేకపోతే అది పాత రక్తం గడ్డకడుతున్నట్టే లెక్క. కడుపులో ద్రవం ఎంత ఉందని రాశారో కూడా చూడండి, కొంచెం ఉంటే ఫర్వాలేదు, ఎక్కువ ఉంటే సిస్ట్ పగిలి రక్తం కడుపులోకి కారిందేమోనని ఆలోచించాలి. అలాంటప్పుడు హిమోగ్లోబిన్ ఒక్కసారి చూసి ఊరుకోకూడదు. రక్తం పోయిన మొదటి గంటల్లో అది నార్మల్‌గానే రావచ్చు, కాబట్టి కొన్ని గంటలాగి మళ్లీ చూస్తాం. వయసులో ఉన్నవాళ్లకి బీపీ చివరిదాకా పడిపోదు, నాడి మాత్రం ముందే పరుగెడుతుంది, అందుకే నేను మానిటర్ ఉన్నా సరే మణికట్టు పట్టుకుని చూస్తాను.

నొప్పి తగ్గింది కాబట్టి ఇప్పుడు ఆపరేషన్ అక్కర్లేదనే నా అభిప్రాయం. ఉంటే గింటే పారాసిటమాల్ వేసుకోండి. మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి మాత్రం వేసుకోవద్దు, వాటిలో కొన్ని రక్తం గడ్డకట్టడాన్ని అడ్డుకుంటాయి. కొన్నాళ్లు బరువులు, జిమ్, కలయిక ఆపండి. సిస్ట్ కరగడానికని కొందరు గర్భనిరోధక మాత్రలు రాస్తారు, అవి కొత్తవి రాకుండా ఆపుతాయే గానీ ఉన్నదాన్ని కరిగించవు, పిల్లల కోసం చూస్తున్న మీకు వాటితో పనిలేదు.

ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత, పీరియడ్ అయిపోయిన వెంటనే ఇంకో స్కాన్ తీయించండి. పాత రిపోర్టు, ఫిల్ములు వెంట తీసుకెళ్లండి, సూర్యారావుపేటలో ఒకచోట తీసి ఇంకోచోట చూపిస్తుంటారు, పోల్చడానికి పాతవి లేకపోతే డాక్టరు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. అప్పటికీ తగ్గకపోతే అది ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం) వల్ల పాత రక్తం చేరి వచ్చిన చాక్లెట్ సిస్ట్ ఏమో చూడాలి. తరచూ ఇలాగే రక్తస్రావం అవుతుంటే, చిన్నప్పటినుంచీ పీరియడ్స్‌లో బ్లీడింగ్ ఎక్కువైతే, రక్తం గడ్డకట్టే గుణంలో లోపం ఉందేమో పరీక్షించాలి. గుండె వాల్వు మార్పిడి తర్వాత రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, వాళ్లలో ఈ రక్తస్రావం ప్రమాదకరంగా మారవచ్చు.

ఈలోపు కళ్లు తిరిగి పడిపోయినా, కడుపు ఉబ్బి గట్టిపడినా, భుజం పైభాగంలో నొప్పి వచ్చినా, చెమటలు పట్టి గుండె దడదడలాడినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. వాంతులతో నొప్పి తెరలు తెరలుగా వస్తే అండాశయం మెలిపడి ఉండొచ్చు, అప్పుడూ గంటలు లెక్కపెడుతూ కూర్చోకూడదు. రాత్రిపూట గైనకాలజిస్టు, రక్తం రెండూ దొరికే పెద్దాసుపత్రికే వెళ్లండి, గుంటూరు వైపు వాళ్లకి ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్ ఉంది.

అలాంటి పరిస్థితిలో ఆపరేషన్ చేసినా సాధారణంగా లాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల ద్వారా రక్తం తీసేసి, సిస్ట్ వరకే తొలగించి అండాశయాన్ని కాపాడతారు. సంతకం పెట్టేముందు, అండాశయం ఉంచే ప్రయత్నం చేస్తారా అని మీరే అడగండి, అది మీ హక్కు. ఎప్పుడో తప్పనిసరై ఒకటి తీసేసినా రెండోదానితో పీరియడ్స్ వస్తాయి, గర్భమూ వస్తుంది. తర్వాతి స్కాన్ నార్మల్‌గా వస్తే పిల్లల ప్రయత్నం మొదలుపెట్టేయండి, పీరియడ్ తప్పితే మాత్రం ఆరు, ఏడు వారాల్లోనే స్కాన్ చేయించుకుని గర్భం సంచిలోనే ఉందని చూసుకోండి.