షుగర్ ఉంది, కాళ్లు మొద్దుబారుతున్నాయి.. చలికాలం యుద్ధ ప్రదర్శనకు వెళ్లొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 48. సొంతూరు తెనాలి. పదహారేళ్లుగా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి చరిత్ర అంటే ప్రాణం. వాడి వల్లే రెండేళ్ల కిందట, అమెరికా స్వాతంత్ర్య యుద్ధ ఘట్టాలను అప్పటి యూనిఫాం, తుపాకులతో మళ్లీ ప్రదర్శించే బృందంలో చేరాను. ఇప్పటిదాకా వేసవి కార్యక్రమాలకే వెళ్లాను. ఈ డిసెంబర్ ఆఖరులో ట్రెంటన్ వీధుల్లో పగలు ప్రదర్శన ఉంది. దానికి ముందు రాత్రి గుడారాల్లో పడుకుని, తెల్లవారుజామున 8 మైళ్లు నడవాలని మావాళ్ల ప్లాన్. నాకు తొమ్మిదేళ్లుగా షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లైమెపిరైడ్ వాడుతున్నాను. బీపీకి టెల్మిసార్టాన్. మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ 7.8. రాత్రిళ్లు అరికాళ్లలో తిమ్మిర్లు వస్తాయి. ఈమధ్య నడుస్తుంటే కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియడం లేదు. బృందంలో అప్పటి మోడల్ తోలు బూట్లే వేసుకోవాలంటున్నారు. చలికి కాస్త బ్రాందీ పుచ్చుకుంటే సరిపోతుందనీ చెబుతున్నారు. మా ఆవిడ వద్దే వద్దంటోంది. వెళ్లమంటారా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు, ఎడిసన్

జవాబు: ముందు సూటిగా చెబుతాను. ట్రెంటన్‌లో పగటి ప్రదర్శనకు, కాళ్ల పరీక్ష చేయించుకుని, కొన్ని జాగ్రత్తలతో వెళ్లండి. గుడారంలో రాత్రి బస, తెల్లవారుజాము నడక మాత్రం ఈ ఏడాది మానుకోండి. ఇలా చెప్పడానికి కారణం మీ వయసు కాదు, హెచ్‌బీఏ1సీ కూడా కాదు. చెప్పు జారిపోయినా తెలియడం లేదని మీరు రాసిన ఆ ఒక్క వాక్యం.

చలి మన కాళ్లకు హాని చేసే ముందు హెచ్చరిస్తుంది. మొదట నొప్పి పుడుతుంది, తర్వాత సూదులు గుచ్చినట్టు ఉంటుంది. మామూలు మనిషి అక్కడే ఆగి, మంట దగ్గరకో ఇంట్లోకో వెళ్లిపోతాడు. ఆ కబురును మెదడుకు చేర్చే నరాలే మీ పాదాల్లో దెబ్బతింటున్నాయి. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో ఇది చాలా మామూలుగా కనిపించే సమస్య. దీన్ని డయాబెటిక్ న్యూరోపతి అంటాం. నొప్పి లేదు కాబట్టి కాలు బాగానే ఉందని మనిషి అనుకుంటాడు. అసలు ప్రమాదం అదే.

ఒక మే నెలలో మా క్లినిక్‌కు ఒక పెద్దాయన వచ్చారు. మిట్టమధ్యాహ్నం గుడి చుట్టూ రాతి బండల మీద ప్రదక్షిణలు చేసి ఇంటికి వెళ్లారు. గచ్చు మీద తడి అడుగులు పడుతుంటే ఆయన భార్య చూసి అడిగారు. అప్పటిదాకా రెండు అరికాళ్లూ బొబ్బలెక్కి చితికిపోయిన సంగతే ఆయనకు తెలియదు. ఆ పుళ్లు మానడానికి నాలుగు నెలలు పట్టింది. మీ ఉత్తరం చదువుతుంటే ఆయన పాదాలే కళ్ల ముందు మెదిలాయి. వేడి తెలియని పాదానికి చలి కూడా తెలియదు.

మీరు ప్రదర్శించబోయే ఆ రాత్రి గురించి మీకు నాకంటే ఎక్కువే తెలిసి ఉంటుంది. 1776 క్రిస్మస్ రాత్రి ట్రెంటన్ మీద దాడికి అమెరికా సేనాధిపతి జార్జ్ వాషింగ్టన్ వెంట సుమారు 2,400 మంది డెలావేర్ నది దాటారు. మంచు, వడగళ్ల వానలో ట్రెంటన్ దాకా దాదాపు 9 మైళ్లు నడిచారు. అందులో జాన్ గ్రీన్‌వుడ్ అనే 16 ఏళ్ల కుర్రాడు ఉన్నాడు. పిల్లనగ్రోవి వాయించే సిపాయి. తర్వాతి కాలంలో వాషింగ్టన్‌కే దంతవైద్యుడయ్యాడు. ఆ రాత్రి దారిలో ఆగినప్పుడు ఒక చెట్టు మొద్దు మీద కూర్చున్నాననీ, ఒళ్లంతా మొద్దుబారి హాయిగా నిద్ర ముంచుకొచ్చిందనీ, ఒక సార్జెంటు వచ్చి లేపి నడిపించకపోతే అక్కడే చనిపోయేవాడిననీ ఆయన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ట్రెంటన్ యుద్ధంలో చనిపోయిన అమెరికన్ల కన్నా ఆ దారిలో చలికి చనిపోయినవాళ్లే ఎక్కువ. ఇద్దరు గడ్డకట్టి పోయారని చరిత్రకారులు రాస్తారు.

గ్రీన్‌వుడ్‌కు కలిగిన ఆ హాయి, ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడిపోయే హైపోథర్మియాకు లక్షణం. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే మాట తడబడుతుంది, నడక తూలుతుంది, గుండీ పెట్టుకోవడానికి కూడా వేళ్లు రావు. ఇంకా తగ్గితే వణుకు ఆగిపోతుంది. వణుకు ఆగింది కాబట్టి చలి తగ్గిందనుకోవడం ప్రాణాంతకం. ఆ స్థితిలో ఉన్న మనిషికి తన స్థితి తెలియదు, పక్కవాడు కనిపెట్టాలి. అందుకే మీ అబ్బాయిని రోజంతా మీ పక్కనే ఉండమనండి. గంటకోసారి మీతో నాలుగు మాటలు మాట్లాడించమనండి. జవాబు ముద్దముద్దగా వస్తే అక్కడితో కార్యక్రమం ఆపి లోపలికి తీసుకెళ్లమని ఇప్పుడే చెప్పి ఉంచండి.

ఇక బూట్ల సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీ కేసులో సగం ప్రమాదం ఇక్కడే ఉంది. 18వ శతాబ్దపు బూట్లను చాలావరకు కుడి ఎడమ తేడా లేకుండా ఒకే అచ్చు మీద కుట్టేవారు. అడుగున నున్నటి తోలు. నడిచే కొద్దీ చిటికెన వేలు దగ్గర, మడమ దగ్గర రాపిడి పుడుతుంది. మామూలు పాదం అయితే ‘అబ్బా’ అని ఆగి సర్దుకుంటుంది. మీ పాదం చప్పుడు చేయదు. బొబ్బ చితికి పుండు అయ్యాకే మీకు తెలుస్తుంది. పైగా ఆ తోలు నీళ్లు పీలుస్తుంది. డిసెంబర్ ఆఖరులో ట్రెంటన్‌లో చలి సున్నా డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి కింద పొడి మంచు కన్నా కరిగిన బురద మంచే ఎక్కువ. కాలు గడ్డకట్టేంత చలి లేకపోయినా, 10, 15 డిగ్రీల దగ్గర కూడా, గంటల తరబడి తడిసిన సాక్సుల్లో ఉంటే పాదం చెడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో నిలబడ్డ సిపాయిలకు వేల మందికి వచ్చింది ఇదే. ట్రెంచ్ ఫుట్ అనే పేరు అక్కడి నుంచే వచ్చింది.

కాబట్టి మీరు నీరు చొరబడని, వేళ్లు కదిలేంత వెడల్పు ఉన్న ఇప్పటి నల్ల బూట్లు వేసుకోండి. వాటి పైన ఆనాటి సైనికులు కట్టుకున్నట్టే మోకాలి కింద దాకా వచ్చే నల్ల గుడ్డ గెయిటర్లు కట్టుకుంటే చూసేవాళ్లకు తేడా తెలియదు. బృందం పెద్దలకు డాక్టర్ చీటీ చూపించండి. అసలుతనం మీద వాళ్లకున్న పట్టుదలను గౌరవిస్తాను, కానీ ఒక కాలి వేలు పోయే అవకాశం ముందు అది నిలవదు. లోపల ఉన్ని సాక్సులు, మరో రెండు జతలు సంచిలో. నూలు సాక్సులు తడిస్తే ఆరవు, వాటిని ఇంట్లోనే వదిలేయండి. బిగుతుగా ఉండేలా రెండు మూడు జతలు ఒకదాని మీద ఒకటి తొడగొద్దు, రక్తం ఆడదు.

రెండు గంటలకోసారి ఇంట్లోనో కారులోనో కూర్చుని బూట్లు విప్పి, పాదాలను కళ్లతో చూడండి. ‘బాగానే ఉంది’ అనిపించడాన్ని లెక్కలోకి తీసుకోకండి. వేళ్ల మధ్య, మడమ వెనక, అరికాలి కింద. అరికాలు కనిపించకపోతే ఫోనుతో ఫొటో తీయమని అబ్బాయికి చెప్పండి. తెల్లగా పాలిపోయిన మచ్చ, మైనంలా గట్టిపడ్డ చర్మం, నీలి రంగు, ఎర్రటి రాపిడి.. వీటిలో ఏది కనిపించినా ఆ రోజు మీ ప్రదర్శన అయిపోయినట్టే.

అలాంటి మచ్చ కనిపిస్తే చాలామంది రుద్దుతారు. రుద్దకండి. చలిమంటకు కాళ్లు చాపకండి, హీటర్ దగ్గర పెట్టకండి, కాలిపోయినా మీకు తెలియదు. బూట్లలో పెట్టుకునే వేడి ప్యాకెట్లు అమెరికాలో ప్రతి షాపులో దొరుకుతాయి. మీలాంటి పాదాలకు అవి అచ్చంగా ఆ గుడి బండల్లాంటివే. మంచు కాటు అని అనుమానం వస్తే కాలికి పొడి గుడ్డ వదులుగా చుట్టి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఆస్పత్రికి చాలా ఆలస్యమయ్యేలా ఉంటేనే, మళ్లీ చలిలోకి వెళ్లే అవసరం లేనప్పుడే, 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో పాదం ముంచాలి. ఆ నీటి వేడిని మీ చేత్తో కాదు, మీ ఆవిడ చేత్తో చూడాలి.

షుగర్ మాటకు వస్తే, మీ మందుల్లో గ్లైమెపిరైడ్ మీద నాకు ఆలోచన ఉంది. చలిలో నడిచినప్పుడు, తిండి ఆలస్యమైనప్పుడు ఆ మాత్ర వల్ల షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. షుగర్ పడిపోతే వణుకు వస్తుంది. చలికీ వణుకే వస్తుంది. మైదానంలో ఏది ఏదో మీరూ చెప్పలేరు, మీ పక్కవాళ్లూ చెప్పలేరు. అందుకని ఆ రోజు వణుకు వస్తే ముందు షుగర్ తగ్గిందనే అనుకుని పరీక్షించుకోండి. 70 కన్నా తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోండి. మీటర్ బాగా చల్లబడితే ఎర్రర్ చూపిస్తుంది, దాన్నీ స్ట్రిప్పులనూ సంచిలో కాకుండా కోటు లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచుకోండి. మీటర్ పని చేయకపోతే ఆగకుండా గ్లూకోజ్ మాత్రలు నమిలేయండి. ఆ రోజు గ్లైమెపిరైడ్ డోసు ఎంత వేసుకోవాలో మీ డాక్టర్‌తో ముందే మాట్లాడండి. మీ అంతట మీరు ఆపొద్దు.

బ్రాందీ వద్దు. తాగగానే ఒళ్లు వెచ్చబడినట్టు అనిపించడానికి కారణం చర్మంలోని రక్తనాళాలు తెరుచుకోవడం. అంటే లోపలి వేడి బయటకు పోతోందన్నమాట. వణుకు తగ్గిస్తుంది, కాలేయం గ్లూకోజ్ తయారు చేయకుండా అడ్డుపడుతుంది, గ్లైమెపిరైడ్‌తో కలిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. షుగర్ పడిపోయి మాట తడబడుతుంటే, తాగి మాట్లాడుతున్నాడులే అని వదిలేస్తారు. వేడి సూప్ తాగండి. చలిలో దాహం వేయకపోయినా మంచినీళ్లు తాగుతూ ఉండండి.

గుండె సంగతి కూడా చెప్పాలి. చలికి రక్తనాళాలు కుంచించుకుని బీపీ పెరుగుతుంది. బరువైన తుపాకీ పట్టుకుని ఒక్కసారిగా పరుగెత్తితే గుండె మీద భారం పడుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో గుండెపోటు కొన్నిసార్లు నొప్పి లేకుండానే వస్తుంది. విపరీతమైన ఆయాసం, చలిలోనూ చెమట పట్టడం కనిపిస్తే 911కు ఫోన్ చేయాలి. వెళ్లేముందు ఈసీజీ తీయించుకోండి. ఇంకేమైనా పరీక్ష కావాలా అన్నది మీ డాక్టర్ చూసి చెబుతారు.

మీ బృందం నాయకుడికి మీ షుగర్ సంగతి దాచకండి. ట్రెంటన్ యుద్ధంలో 18 ఏళ్ల లెఫ్టినెంట్ జేమ్స్ మన్రోకు భుజంలో గుండు దిగి ధమని తెగింది. ముందు రాత్రే దారిలో వాలంటీర్‌గా కలిసిన జాన్ రైకర్ అనే డాక్టర్ పక్కనే ఉండి రక్తం ఆపబట్టి బతికాడు. ఆ మన్రోనే తర్వాత అమెరికా ఐదో అధ్యక్షుడయ్యాడు. మీ ప్రదర్శనలో ప్రథమ చికిత్స చూసేది ఎవరో కనుక్కుని, మీ మందుల జాబితా రాసిన కాగితం వాళ్ల చేతికివ్వండి.

తుపాకీలో గుండు లేకపోయినా మందు పేలే చప్పుడు చెవులకు శాశ్వతంగా హాని చేయగలదు, ఇయర్ ప్లగ్స్ తప్పనిసరి. వేళ్లు మొద్దుబారితే తుపాకీ కింద పెట్టేయండి, పట్టు తెలియని చేత్తో మందు పోయకూడదు. మీరు గుడారంలో పడుకోకపోయినా మీ స్నేహితులు పడుకుంటారు కదా. మూసిన గుడారంలో బొగ్గుల కుంపటి గానీ గ్యాస్ హీటర్ గానీ పెట్టొద్దని వాళ్లకు నా మాటగా చెప్పండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తలనొప్పి, వికారం అనిపించేలోపే నిద్రలోకి జారుకుంటారు.

ఫ్లూ టీకా ఈ ఏడాది వేయించుకోకపోతే ఈ వారమే వేయించుకోండి. 1777–78 చలికాలంలో వాషింగ్టన్ సైన్యం మకాం వేసిన వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో సుమారు 12,000 మంది ఉంటే, అక్కడ ఒక్క యుద్ధం జరగకుండానే దాదాపు 2,000 మంది చనిపోయారు. ఎక్కువ మందిని తీసుకెళ్లింది చలి కాదు, టైఫస్, విరేచనాలు, ఫ్లూ లాంటి జబ్బులు.

మీ శ్రీమతి గారి భయం అనవసరమైనది కాదు. ఆ చెప్పు సంగతి మీకన్నా ముందు ఆవిడే గమనించి ఉంటారని నా అనుమానం. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఆవిడనూ తీసుకెళ్లండి. పోడియాట్రిస్ట్ (పాదాల డాక్టర్) అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకోండి. సన్నటి నైలాన్ దారంతో అరికాలి మీద ఒత్తి చూసే మోనోఫిలమెంట్ పరీక్ష ఐదు నిమిషాల పని, నొప్పి ఉండదు. దాంతో పాటు పాదాల్లో నాడి సరిగ్గా కొట్టుకుంటోందా లేదా చూస్తారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గవచ్చు, తిమ్మిర్లకు అది కూడా ఒక కారణం కావచ్చు. కాబట్టి ఆ రక్త పరీక్ష అడిగి చేయించుకోండి. అది తక్కువగా ఉంటే మందు ఉంది. నాడి బలహీనంగా ఉందన్నా, పాదం మీద ఎక్కడైనా చిన్న పుండు ఉన్నా పగటి ప్రదర్శన కూడా వద్దు, ఈ ఏడాదికి ఇంటి బట్టల్లోనే వెళ్లి అబ్బాయిని చూసి రండి. రిపోర్టులు వచ్చాక మాకు మళ్లీ రాయండి, వచ్చే ఏడాది రాత్రి బస గురించి అప్పుడు మాట్లాడుకుందాం.