స్కాన్ మసకగా వస్తే స్కానర్ మార్చకండి, ముందు స్లైడ్ చూడండి

"ఎలుక కాలేయం స్లైడ్‌లు 20ఎక్స్‌లో స్కాన్ చేస్తే అక్కడక్కడా మసకబారుతున్నాయి, 40ఎక్స్‌కి మారితే పోతుందా?" అని కదా స్లైడ్ స్కానర్ (స్లైడ్ మొత్తాన్ని డిజిటల్ బొమ్మగా తీసే మైక్రోస్కోప్) గురించి ప్రశ్న. పోదు. 0.75 ఎన్‌ఏ (లెన్స్ ఎంత వెడల్పు కోణంలో వెలుతురు అందుకుంటుందో చెప్పే అంకె) ఉన్న 20ఎక్స్ లెన్స్‌కి ఫోకస్ లోతు, అంటే ఒకేసారి స్పష్టంగా కనిపించే మందం, దాదాపు 1 మైక్రాన్. మీ సెక్షన్ (స్లైడ్ మీది పలుచని కణజాలపు పొర) మందమే 4 మైక్రాన్లు ఉంటుంది. ఎన్‌ఏ ఎక్కువున్న 40ఎక్స్ లెన్స్ పెడితే ఆ లోతు ఇంకా తగ్గుతుంది. అదే 20ఎక్స్ లెన్స్‌కి డబ్లర్ (బొమ్మను రెట్టింపు పెద్దది చేసే అదనపు లెన్స్) వేసే యంత్రమైతే లోతు మారదు, ఫైలు మాత్రం నాలుగు రెట్లవుతుంది.

చాలాసార్లు తప్పు సెక్షన్‌లోనే ఉంటుంది. మసక చోటు పక్కనే మడత ఉందేమో చూడండి. చాలా స్కానర్లు ప్రతి చోటా ఫోకస్ చేయవు. కొన్ని బిందువులు ఎంచుకుని, వాటి ఎత్తు కొలిచి, మధ్య భాగాన్ని అంచనాతో నింపుకుంటాయి. ఒక బిందువు మడత మీద పడిందా, గుడారం మధ్యలో కర్ర పాతినట్టు ఆ చుట్టూ ఫోకస్ మొత్తం పైకి లేస్తుంది. అప్పుడు మడత గీత స్పష్టంగా కనిపిస్తుంది, పక్కనున్న కాలేయ కణాల్లో న్యూక్లియోలస్ (కేంద్రకం లోపల కనిపించే) చుక్కలు మాయమవుతాయి, సైనుసాయిడ్‌లు (కాలేయంలోని సన్నని రక్తనాళాలు) బూడిదరంగు చారల్లా అలుక్కుపోతాయి. ఇలా కనిపిస్తే ఆ బిందువు తీసేసి, చదునుగా ఉన్న చోట రెండు మూడు పెట్టి మళ్లీ స్కాన్ చేయండి. మడత మీదే కొలతలు కావాలంటే మాత్రం దారి లేదు, బ్లాక్ (మైనంలో పొదిగిన కణజాలపు దిమ్మ) నుంచి కొత్త సెక్షన్ తీయాల్సిందే. వాటర్ బాత్ (సెక్షన్‌లు తేలేసే వెచ్చని నీళ్ల తొట్టి) 40-45 డిగ్రీల మధ్య ఉంచి, రిబ్బన్ (కోసిన సెక్షన్‌ల వరస) పూర్తిగా విచ్చుకున్నాకే స్లైడ్ మీదికి తీసుకోండి.

మసక అనేది చూపుకి సంబంధించిన ఇబ్బంది మాత్రమే కాదు. అలాంటి చోట క్యూపాత్‌కి (బొమ్మలో కణాలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్‌కి) న్యూక్లియస్ అంచు దొరకదు, కణాల లెక్క పడిపోతుంది. దాన్ని మందు ప్రభావం అని రాసేస్తే ఆ తప్పు పేపర్ దాకా వెళ్తుంది. అందుకే కంట్రోల్ (మందు ఇవ్వని), ట్రీటెడ్ (మందు ఇచ్చిన) స్లైడ్‌లు ఒకే బ్యాచ్‌లో కలిపి స్కాన్ చేయాలి.

కవర్‌స్లిప్ (కణజాలం మీద కప్పే పలుచని గాజు) 0.17 మిల్లీమీటర్లదే వాడండి, లెన్స్ మీద రాసి ఉండేదీ అదే అంకె. డీపీఎక్స్ (కవర్‌స్లిప్ అతికించే జిగురు) ఎక్కువ పోస్తే బొమ్మ పాడవుతుంది, తక్కువైతే బుడగలొస్తాయి. అది స్లైడ్ అడుగున ఎండి గట్టిపడితే స్లైడే ఓరగా కూర్చుంటుంది, జైలీన్ తడిపిన గుడ్డతో తుడవండి. కొత్తగా మౌంట్ చేసినవి ఒక రాత్రయినా చదునుగా ఆరబెట్టందే ర్యాక్‌లో పెట్టకండి.

దయచేసి మార్కర్ పెన్ చుక్కలు పెట్టడం మానండి! స్కానర్ వాటినే కణజాలం అనుకుంటుంది. ఆ సిరా కవర్‌స్లిప్ పైన, అంటే కణజాలానికి కనీసం 170 మైక్రాన్ల ఎత్తున ఉంటుంది. ఫోకస్ అక్కడికి పోతే ఇంకేం మిగులుతుంది? చుక్కలు అవసరమైతే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుని, ఆల్కహాల్‌తో తుడిచేయండి. కొవ్వు సెక్షన్‌లు, డీఏబీ (గోధుమరంగు తెచ్చే రసాయనం) రంగు పట్టని సెక్షన్‌లు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం, అంత లేతగా ఉంటే స్కానర్ గుర్తుపట్టదు. వాటికి స్కాన్ చేయాల్సిన చోటు చుట్టూ తెర మీద మీరే పెట్టె గీయాలి.

ఫైళ్ల విషయానికొస్తే, 15 మిల్లీమీటర్ల చదరం పిక్సెల్‌కి 0.5 మైక్రాన్ చొప్పున తీస్తే 30,000 × 30,000 పిక్సెళ్లు, కుదించకముందు 2.7 జీబీ. 0.25 అయితే 10.8 జీబీ. సైజు తగ్గుతుందని మామూలు జేపెగ్‌గా మార్చి పంపితే పిక్సెల్ కొలత పోతుంది, ఆ తర్వాత మైక్రాన్లలో ఏదీ కొలవలేరు. ఎంఆర్‌ఎక్స్‌ఎస్ (కొన్ని స్కానర్లు ఇచ్చే ఫైలు రకం) ఫైలైతే అదొక్కటే కాపీ చేసుకుని వెళ్లకండి, అసలు బొమ్మంతా అదే పేరుతో పక్కనున్న ఫోల్డర్‌లో ఉంటుంది.